ఆ సినిమా చూసినప్పట్నించీ దిండు ముట్టుకోవాలంటే భయం

ప్రశ్న: మాది తిరుపతి, నాకు 43 ఏళ్లు. మా అత్తకి పక్షవాతం వచ్చి రెండేళ్లు, కుడి పక్క పడిపోయింది, మాట రాదు. అన్నీ నేనే చూస్తా. పోయిన నెల మా పాప హాస్టల్ నుంచి వచ్చి ‘అమూర్’ అని ఫ్రెంచి సినిమా పెట్టింది, పెద్ద అవార్డు సినిమా అని. అందులో మంచాన పడిన భార్యని ముసలాయన చివర్లో దిండుతో చంపేస్తాడు. అప్పట్నించీ అత్త తల కింద దిండు సర్దాలంటే చేతులు వణుకుతాయి, నేనూ అట్లా చేసేస్తానేమో అని. ఒకరోజు గంజి ఉమ్మేస్తే కోపంలో చెంప మీద ఒకటి వేసినా. మా ఆయనకి చెప్పలేదు. నాకు పిచ్చి పడతా ఉందా? అలిపిరి మెట్లెక్కి మొక్కుకుంటే ఈ పాపం పోతుందా?

జవాబు: అమ్మా, పిచ్చి కాదు, ముందు అది మనసులోంచి తీసెయ్యండి. చేసేస్తానేమో అని వణికేవాళ్లు వేరు, చెయ్యాలనుకునేవాళ్లు వేరు. బిడ్డనెత్తుకుని మిద్దె మీద నిలబడిన బాలింతకి జారవిడిచేస్తానేమో అని ఒళ్లు జలదరిస్తుంది, బిడ్డ మీద ప్రేమ లేకనా? ఇట్లాంటి ఆలోచనలు చాలామందికి వస్తాయి, ఎవరూ నోరు తెరిచి చెప్పరు కాబట్టి మనకొక్కరికే వచ్చిందనుకుంటాం. దానికి భయపడి దిండు వైపు చూడకుండా తప్పించుకుంటే అది ఇంకా బలుస్తుంది. వస్తే రానీండి, చేతులు వణికినా సరే దిండు సర్దేసి పక్క పని చూసుకోండి.

సినిమాని నేను తిట్టను, మీ పాపని కూడా. హానెకే అని ఆ డైరెక్టర్ మనల్ని ఓదార్చే రకం కాదు, 2012లో ఫ్రాన్సులో జరిగే కాన్స్ సినిమా పండగలో దానికి పామ్ డోర్ అని అక్కడి పెద్ద బహుమతి ఇచ్చారు, తర్వాత ఆస్కార్ కూడా వచ్చింది. మన సినిమాల్లో అయితే ఎక్కడ ఏడవాలో వయొలిన్ చెప్తుంది, ఇందులో వెనకాల మ్యూజిక్కే ఉండదు. టిఫిన్ దగ్గర భార్య ఉన్నట్టుండి బొమ్మలా అయిపోతుంది, ఆయన తడి టవల్‌తో మొహం తుడిచి కొళాయి కట్టకుండానే బట్టలేసుకోడానికి లోపలికి పోతాడు, అంతలో నీళ్ల శబ్దం టక్కున ఆగిపోతుంది, అంతే సీను. పక్షవాతం మనిషిని రెండేళ్లుగా చూస్తా ఉన్న మీకు అది సినిమాలా ఎందుకుంటుంది?

మీరు దిండు గురించే ఎక్కువ రాశారు గానీ, ఇంకో సీను మిమ్మల్ని లోపల పట్టుకుందని నా అనుమానం. ఆమె నీళ్లు మింగకుండా ఉమ్మేస్తే ఆయన చెంప మీద కొడతాడే, అది. గంజి సంగతి మీరు ఒక్క లైన్లో రాసి వదిలేశారు. కొట్టడం తప్పే, కాదనను. అత్త చెయ్యి పట్టుకుని సారీ అత్తా అని చెప్పండి, మాట పోయినవాళ్లలో చాలామందికి మనం చెప్పేది అర్థమవుతానే ఉంటుంది. ఇంకోసారి కోపం తన్నుకొస్తే స్పూన్ కింద పెట్టి వరండాలోకి పోండి, పది నిమిషాలు ఆలస్యమైతే ఏం కాదు.

ఇంకోటి, ఆమె మొండితనంతోనే ఉమ్ముతుందని ఎందుకనుకోవాలి? స్ట్రోక్ తర్వాత గొంతు కండరాలు సరిగా పనిచెయ్యక మింగడం కష్టమవుతుంది, నీళ్లలాంటి పల్చటివి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా కూడా రావచ్చు, అందుకే దగ్గుతారు, ఉమ్ముతారు. స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ వాళ్లకి ఈ మాట ప్రత్యేకంగా చెప్పి మింగే పరీక్ష చెయ్యమనండి, తిండి ఎంత చిక్కగా ఉండాలో వాళ్లే చెప్తారు. ఈలోపల పడుకోబెట్టి తినిపించొద్దు, నిటారుగా కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా పెట్టండి, తిన్నాక ఒక అరగంట అట్లే కూర్చోనీండి.

ఆ సినిమాలో నాకు దిండు కంటే తలుపులంటేనే భయం. గమనించారా, ఆయన నర్సుని పంపించేస్తాడు, ఫోన్‌కి పలకడు, కూతురొస్తే అమ్మ గదికి తాళం వేసేస్తాడు, చివరికి తలుపులకి టేపులేసుంటాయి. ప్రేమే, కానీ ఎవర్నీ రానియ్యని ప్రేమ, ఇద్దరే మిగిలిపోయారు. మీ ఇంట్లో గదిలోకి మీరు తప్ప ఎవరు పోతా ఉండారు? ఆడపడుచు గురించి ఒక్క ముక్క లేదు, మీ ఆయన పేరు కూడా ‘చెప్పలేదు’ అన్న చోట మాత్రమే వచ్చింది.

ఆయనకి చెప్పాల్సిందే. చంపేస్తానేమో అని మొదలుపెడితే బెదిరిపోతారు, “ఆ సినిమా చూసినప్పట్నించీ ఏవేవో చెడ్డ ఆలోచనలు వస్తా ఉన్నాయి, అలిసిపోయినా, ఇంక ఒక్కదాన్నే చెయ్యలేను” అనండి, చెంపదెబ్బ కూడా దాచొద్దు. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి కదా, రాత్రి డ్యూటీ ఆయన్ని తీసుకోమనండి, కన్నతల్లే కదా. డబ్బు సంగతైతే, 2024 జులై నుంచి పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకి ఎన్టీఆర్ భరోసాలో నెలకి 15,000 పెన్షన్ ఉంది, మీకు వస్తా ఉందో లేదో రాయలేదు, రాకపోతే వార్డు సచివాలయంలో అడగండి, డాక్టర్ల పరిశీలన ఉంటుంది. ఆ డబ్బు పగటిపూట ఆయాకి పనికొస్తుంది.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. ఈ ఆలోచనకి భయం పోయి ‘అదే మేలేమో’ అని హాయిగా అనిపించడం మొదలైనా, చెయ్యి మళ్లీ లేచినా, మీకే బతకాలనిపించకపోయినా ఇంక ఆగొద్దు. రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి పోండి, లేదంటే 14416కి, మనసు బాధలకి సాయం చేసే టెలీ మానస్ అనే ప్రభుత్వ లైన్‌కి, ఫోన్ చెయ్యండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు, అర్ధరాత్రయినా ఎత్తుతారు.

ఇక అలిపిరి. పాపం లెక్కలు నాకు తెలీవు గానీ మెట్లు మాత్రం ఎక్కండి. 3,550 మెట్లంటే మీరు పోయి దర్శనం చేసుకుని వచ్చేసరికి దాదాపు ఒక రోజు, ఆ రోజంతా అత్తకి తినిపించడం, డైపర్ మార్చడం, దిండు సర్దడం అన్నీ మీ ఆయన చెయ్యాలి. మీ పాప వచ్చే ఆదివారం పెట్టుకోండి, నాన్నకి తోడుంటుంది. స్విమ్స్‌లో ఏమన్నారో రాయండి.