టెక్ సందేహాలు: తేనెటీగ చూసే పువ్వు ఫోన్‌కి చిక్కదు

సందేహం: పెరట్లో పొద్దుతిరుగుడు పూసింది. తేనెటీగలకు ఆ పువ్వు వేరేలా కనిపిస్తుందట కదా, చూద్దామని ‘యూవీ కెమెరా’ యాప్ వేశాను. ఏ పువ్వు తీసినా ఊదా రంగే వస్తోంది. మంచి యాప్ ఏదైనా చెప్పండి.

జవాబు: ఈ ప్రశ్న పదేపదే వస్తోంది. అలాంటి యాప్ లేదు. తేనెటీగలు చూసేది యూవీ, అంటే మన కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని (400 నానోమీటర్ల లోపు తరంగదైర్ఘ్యం). ఫోన్ లెన్సులు, సెన్సర్ ముందుండే ఫిల్టర్ కలిసి దాన్ని దాదాపుగా ఆపేస్తాయి. సెన్సర్‌దాకా రాని కాంతిని యాప్ ఎక్కణ్నుంచి తెస్తుంది? మామూలు ఫొటోకే ఊదా రంగు పూసి ఇస్తుంది.

రంగు సంగతి పోనీండి, అది అడిగిన అనుమతులు చూశారా? పూల ఫొటోకి ఎస్సెమ్మెస్‌తో ఏం పని? అదిచ్చారంటే ఓటీపీ దాని చేతికి పోయినట్టే. యాక్సెసిబిలిటీ కూడా ఇచ్చి ఉంటే తెరమీద ఉన్నదంతా చదువుతుంది, మీ బదులు బటన్లూ నొక్కుతుంది. లింకులో వచ్చిన ఏపీకే (ప్లే స్టోర్ బయటి యాప్ ఫైలు) అయితే మరీ ప్రమాదం. ముందు నెట్ ఆపండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ (యాప్‌కి ఫోన్ మీద అధికారం ఇచ్చేచోటు) రెండుచోట్లా దాన్ని ఆపేసి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయండి. మొండికేస్తే సేఫ్ మోడ్‌లో (ఫోన్‌తో వచ్చిన యాప్‌లు మాత్రమే నడిచే మోడ్) తీసేయండి. బ్యాంకు పాస్‌వర్డు మరో ఫోన్‌లోంచి మార్చండి. డబ్బు పోయిందా, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక పువ్వు. పొద్దుతిరుగుడు రేకుల మొదళ్లు యూవీని పీల్చుకుంటాయి, చివర్లు వెనక్కి పంపుతాయి. మనకు అంతా పసుపే, యూవీ ఫొటోలో మాత్రం నడుమ నల్లటి వలయం. అది తీయాలంటే లోపలి ఫిల్టర్ తీయించిన కెమెరా, యూవీని పోనిచ్చే లెన్సు, మిగతా వెలుగునూ ఇన్‌ఫ్రారెడ్‌నూ ఆపే ఫిల్టర్ కావాలి. ఖర్చుతో కూడిన పని.

ఫోన్‌తో దక్కేది వేరు: యూవీ టార్చి పడ్డప్పుడు పుప్పొడి మెరవడం. ఆ మెరుపు మన కంటికి కనిపించే వెలుగే కాబట్టి ఫోన్‌కి చిక్కుతుంది. 395 నానోమీటర్ల టార్చిని ‘365’ అని అంటగడుతున్నారు, జాగ్రత్త. వెలిగించగానే గోడ ముదురు ఊదాగా కనిపిస్తే అది 395. ముందు నల్లటి ఫిల్టర్ గాజు ఉన్న 365 కొనండి. దాన్ని కళ్లలోకి కొట్టకూడదు, పాలికార్బొనేట్ కళ్లద్దాలు పెట్టుకోండి.

లైటు ఉండగానే ఫోకస్ లాక్ చేసి, గది పూర్తిగా చీకటి చేయండి. ఫోన్ స్టాండుమీద ఉండాలి. నైట్ మోడ్ వద్దు, ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సర్ సున్నితత్వం) 200, షట్టర్ 8 సెకన్లు పెట్టి, టార్చిని పువ్వుచుట్టూ నెమ్మదిగా తిప్పండి. ఫొటోలో సన్నటి నీలి గీతలు వస్తే పుప్పొడి అనుకునేరు, అవి బట్టల నూలు పోగులు. డిటర్జెంట్‌లో తెల్లదనం కోసం కలిపే రసాయనం యూవీకి అలా మెరుస్తుంది. మెత్తటి బ్రష్‌తో దులిపి మళ్లీ తీయండి.