ముందు వెలుగు చూడు, తర్వాత రంగు

అమ్మలూ,

నువ్వు కంప్యూటర్‌లో వేసి పంపిన బొమ్మ చూశాను. చెట్ల మధ్య నారింజ గౌను పిల్ల. రంగులు ముచ్చటగా ఉన్నాయి, కానీ నువ్వన్నట్టే పిల్ల ఆకుల్లో కలిసిపోయింది. "గౌను వాల్యూ 88, ఆకులది 59. ఇంత తేడా ఉన్నా ఎందుకు విడిపడటం లేదు పెదనాన్నా?" అని అడిగావు. ఆ ప్రశ్న అడిగినందుకే నాకు సంతోషంగా ఉంది. చాలామంది ఆ 88ని, 59ని నమ్మేసి, తప్పు తమ చేతిలోనే ఉందనుకుని ఊరుకుంటారు.

నీ ఫైలు తెరిచి రెండు చోట్లా, రంగు అంకెలు చూపే ఐడ్రాపర్ పెట్టాను. సున్నా నుంచి 255 దాకా ఉండే కొలతలో గౌనులో ఎరుపు 224, ఆకుపచ్చ 96, నీలం 48. ఆకులో అవే వరసన 80, 150, 60. రంగు ఎంచుకునే కలర్ పికర్‌లో హెచ్‌ఎస్‌వి అని ఉంటుందే, అందులోని 'వి' అంటే నువ్వు చెప్పిన వాల్యూ. అది ఈ మూడు అంకెల్లో ఏది పెద్దదో దాన్ని మాత్రమే తీసుకుంటుంది. గౌనుకి 224, ఆకుకి 150. 255లో వాటి శాతాలే నీ 88, 59. మిగతా రెండు అంకెల జోలికే పోదు.

కంటి లెక్క అది కాదు. మామూలు స్క్రీన్ మీద మనకు కనిపించే వెలుగులో ఆకుపచ్చ వాటా దాదాపు 72 శాతం, ఎరుపుది 21, నీలానిది 7. అందుకే గౌనులో ఎరుపు 224 దాకా ఉన్నా, ఆకులో 150 ఉన్న ఆకుపచ్చ దానికి సరితూగిపోతుంది. ఈ వాటాలతో లెక్కవేసి కంటి చూపుని బట్టి రంగుల్ని కొలిచే ల్యాబ్ పద్ధతిలోకి మారిస్తే, సున్నా నలుపు, 100 తెలుపు అనుకునే ఆ కొలతలో గౌనూ ఆకూ రెండూ 56 దగ్గరే తేలాయి. నీ కంటికి తెలిసిందే నిజం తల్లీ. పికర్‌లో అంకె కొలిచేది వేరే సంగతి.

ఈ గందరగోళం పేరుతోనే వచ్చింది. మన్సెల్ అనే అమెరికన్ చిత్రకారుడు 1905లో రంగుని హ్యూ (ఏ రంగు), వాల్యూ, క్రోమా (ఎంత నిండు రంగు) అని మూడుగా విడదీశాడు. ఆయన వాల్యూ కంటికి ఎంత లేతగా, ఎంత ముదురుగా కనిపిస్తుందన్నదాన్ని బట్టి కట్టిన మెట్లు. చిత్రకారులు ఇప్పటికీ వాల్యూ అంటే అదే అనుకుంటారు. 1978లో ఆల్వీ రే స్మిత్ కంప్యూటర్ల కోసం హెచ్‌ఎస్‌వి ప్రకటించినప్పుడు అందులోనూ వాల్యూ అన్న మాటే వచ్చింది. పేరు ఒకటే, కొలిచేది వేరు. హెచ్‌ఎస్‌ఎల్ అనే మరో పద్ధతిలోని లైట్‌నెస్ కూడా ఇంతే, పెద్ద అంకెనీ చిన్న అంకెనీ కలిపి సగం చేస్తుంది. దాని లెక్కలో నిండు పసుపుకీ నిండు నీలానికీ సమానంగా 50 వస్తుంది. పక్కపక్కన పెట్టి చూడు, ఎవరైనా ఒప్పుకుంటారా? ల్యాబ్‌లో పసుపుది 97, నీలానిది 32.

నేను ఇది తెలుసుకున్నది నష్టపోయాక. ఒక పత్రికకు ముఖచిత్రం చేశాను, ఆకుపచ్చ మీద ఎర్ర అక్షరాలు. స్క్రీన్ మీద మెరిసిపోయింది. అదే బొమ్మని లోపలి పేజీలో నలుపు తెలుపులో వేశారు. అక్షరాలు బూడిదలో బూడిదగా మాయమయ్యాయి, చదవడానికి ఒక్క ముక్క మిగల్లేదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా పట్టలేని కళ్లున్నవాళ్లకి ముఖచిత్రమే దాదాపు అలా కనబడి ఉంటుందని తర్వాత తట్టి చాలా బాధపడ్డాను.

అందుకని రంగు తీసేసి చూసుకోవడం అలవాటు చేసుకో. అయితే ఎలా తీస్తావన్నది ముఖ్యం. ఫొటోషాప్‌లో డీశాచురేట్ నొక్కితే హెచ్‌ఎస్‌ఎల్ లెక్కే వాడుతుంది. నీ బొమ్మలో గౌను 136, ఆకు 105 అయిపోయి, తేడా ఉన్నట్టు భ్రమ కల్పిస్తుంది. జింప్ అనే బొమ్మల ప్రోగ్రాంలో డీశాచురేట్ తెరిచి లూమినెన్స్ ఎంచుకుంటే గౌనూ ఆకూ రెండూ 135 దగ్గరే వస్తాయి. నీ బొమ్మ జబ్బు అక్కడ బయటపడుతుంది. ఫొటోషాప్‌లోనైతే అన్నిటికన్నా పైన ఒక లేయర్ నల్లగా నింపి, బ్లెండ్ మోడ్ కలర్ పెట్టు. అంకెలు జింప్‌తో అచ్చంగా కలవవు కానీ పనికి సరిపోతుంది. ఆ లేయర్ కన్ను గుర్తు నొక్కుతూ ఆపుతూ పని చేసుకోవచ్చు. నేను పది నిమిషాలకోసారి నొక్కుతాను.

రంగు ఎంచుకునేటప్పుడు కూడా జింప్‌లో హెచ్‌ఎస్‌వి వదిలి ఎల్‌సీహెచ్ (ల్యాబ్ వెలుగు, క్రోమా, హ్యూ) స్లైడర్ల మీద ఉండు. ఫొటోషాప్ పికర్‌లో ల్యాబ్ గళ్లు ఉంటాయి, అందులో ఎల్ చూసుకో, సున్నా నుంచి 100 దాకా అన్నానే, ఆ వెలుగు కొలతే అది. ముందు ఎల్ ఖాయం చేసుకో, ఆ తర్వాత హ్యూతో నీ ఇష్టం వచ్చినంత ఆడుకో. ఒక్కటి గుర్తుపెట్టుకో, ప్రతి ఎల్ దగ్గరా ప్రతి రంగూ నిండుగా దొరకదు. పసుపుని 30కి దించితే పసుపుగా ఉండదు, ఆలివ్ ఛాయలోకి పోతుంది. నీలాన్ని 90కి లేపితే వెలిసిన ఆకాశం రంగే మిగులుతుంది. స్లైడర్ మొరాయిస్తే నీ తప్పు కాదు, స్క్రీన్ చూపించగలిగిన హద్దు అది. క్రోమా కాస్త తగ్గించు.

నీడల సంగతి. నీడలో ఉన్న తెల్ల గోడ ఎండలో ఉన్న బూడిద రాయికన్నా ముదురుగా ఉండొచ్చు, అయినా మన మనసు దాన్ని తెల్లగానే లెక్కగడుతుంది. ఎడెల్‌సన్ అనే దృష్టి శాస్త్రవేత్త 1995లో గీసిన చదరంగపు గళ్ల బొమ్మ వెతికి చూడు. నీడలోని తెల్ల గడి, వెలుగులోని నల్ల గడి అచ్చంగా ఒకే బూడిద. నువ్వు నమ్మవు, ఐడ్రాపర్ పెట్టి చూశాకే నమ్ముతావు. ఆ రోజు నుంచీ నేను "గోడ తెలుపు కదా" అని రంగు ఎంచడం మానేశాను. పక్కనున్న దానికన్నా ఎంత ముదురు, ఎంత లేత అనే అడుగుతాను. ఇదే కారణంతో కాన్వాస్ చుట్టూ ఖాళీ స్థలం మధ్యస్థ బూడిదలో పెట్టుకో. చుట్టూ నల్లగా ఉంటే బొమ్మ ఉన్నదానికన్నా లేతగా కనిపించి, తెలియకుండానే అంతా ముదురు చేసేస్తావు. రాత్రిపూట స్క్రీన్‌ని పసుపు చేసే ఫిల్టర్ కూడా పని చేసేటప్పుడు ఆపెయ్యి.

ఇక నీ బొమ్మ. గౌనుని లేత చేద్దామని చూడకు. ఆ నారింజ ఘాటు పోయి పీచ్ పండు రంగైపోతుంది, నీకు నచ్చిన అందమే పోతుంది. ఆకుల్నే దించు. పిల్ల వెనకున్న గుంపు మొత్తాన్ని ఎల్ 35 దగ్గరికి తీసుకురా, హ్యూ కదిలించకు. చెట్టు అంచుల్లో ఎండ తగిలిన ఆకులు ఉన్నాయే, అవి మాత్రం అలాగే ఉంచు. కానీ అవి తల పక్కన రాకుండా చూడు. మార్చాక ముందు నలుపు తెలుపులో, బొటనవేలంత చిన్నది చేసి నాకు పంపు. అందులో పిల్ల కనబడితే రంగుల బొమ్మ పంపు, గౌను మడతల గురించి మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న