ఆ పాట దగ్గర ఇంకాసేపు ఆగు

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదటిసారి గబగబా, రెండోసారి నిదానంగా, మూడోసారి నువ్వు రాసిన పాటలు ఒక్కొక్కటే పెట్టుకుని వింటూ చదివాను. అందుకే జవాబు ఆలస్యమైంది.

మీ నాన్న, ఆయన స్నేహితులు ఐదుగురు నెలకో ఆదివారం మీ హాల్లో చేరి డెబ్బైల నాటి రాక్ పాటలు వింటారనీ, పాటకో జ్ఞాపకం చెప్పుకుంటారనీ నాకు తెలుసు. రెండు మూడుసార్లు నేనూ వచ్చి కూర్చున్నాను. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి నువ్వు అవన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటున్నావని మాత్రం అప్పుడు గమనించలేదు. చాలా మంచి పని చేశావు. వాళ్లలో అందరికీ అరవై ఐదు దాటాయి. ఇప్పుడు రాసుకోకపోతే ఆ మాటలు ఎవరికీ మిగలవు.

ఇక వ్యాసం సంగతి. ఐదు పేజీల్లో ముప్ఫై ఒక్క పాటలున్నాయి. లెక్కపెట్టాను. పాట పేరు, బ్యాండ్ పేరు, ఏడాది, ఒక అంకుల్ చెప్పిన ఒక వాక్యం, మళ్లీ ఇంకో పాట. బంతిలో వడ్డించే మనిషి విస్తరికో చెంచా వేసుకుంటూ పోయినట్టు పోయావు. ఎక్కడా ఆగలేదు. నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే: ఆగు. ముప్ఫై ఒక్క పాటలూ అక్కర్లేదు, నాలుగైదు చాలు.

ఆగడమంటే పొగడ్తలు పెంచడమని అనుకోవద్దు. 'అద్భుతం', 'అజరామరం' అనే మాటలు నీ వ్యాసంలో ఇప్పటికే చాలా ఉన్నాయి. ఆ పాట విన్నవాడికి అవి అక్కర్లేదు, విననివాడికి వాటివల్ల ఏమీ వినిపించదు. బ్లాక్ సబ్బాత్ గురించి 'బరువైన శబ్దం' అని రాశావు. నిజమే. మరి ఆ బరువు ఎక్కడిది? బర్మింగ్‌హామ్‌లో పదిహేడేళ్ల టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆ ఉద్యోగంలో చివరి రోజున యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ల చివళ్లు తెగిపోయాయి. అతను ఎడమచేతివాటం మనిషి, కాబట్టి గిటార్ తీగలు నొక్కేది ఆ కుడిచేతి వేళ్లే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. తర్వాత, నొక్కడం తేలికగా ఉండటానికి తీగలు వదులు చేశాడు. తీగ వదులైతే స్వరం కిందికి దిగుతుంది. నువ్వు బరువు అన్నది చాలావరకు అదే. ఈ నాలుగు వాక్యాలు రాసి చూడు, 'బరువైన' అన్న మాటని నువ్వే కొట్టేస్తావు.

డీప్ పర్పుల్ 'స్మోక్ ఆన్ ద వాటర్' గురించి మీ నాన్న చెప్పినది బాగుంది. గిటార్ ముట్టుకున్న ప్రతి కుర్రాడూ ముందు ఆ ముక్కే వాయించేవాడని. కానీ నువ్వు ఆ పాట మాటల వైపు చూడలేదు. రాసేవాళ్లకి అందులో పెద్ద పాఠం ఉంది. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో, జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న కాసినోలో ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతోంది. జనంలో ఎవరో ఫ్లేర్ గన్ పేల్చారు. కప్పు అంటుకుంది. భవనం మొత్తం కాలిపోయింది. అదే భవనంలో తమ ఆల్బమ్ రికార్డు చేసుకుందామని డీప్ పర్పుల్ వాళ్లు వచ్చి ఉన్నారు. సరస్సు మీద పరుచుకున్న పొగని చూస్తూ నిలబడ్డారు. కొన్ని రోజుల తర్వాత బేస్ గిటార్ వాయించే రోజర్ గ్లోవర్‌కి నిద్ర లేస్తూనే నోటికొచ్చిన మాటే ఆ పాట పేరు. తర్వాత ఒక థియేటర్ దొరికింది గానీ, రాత్రిపూట గోలకి ఊరివాళ్లు ఫిర్యాదు చేస్తే పోలీసులు వచ్చారు. చివరికి చలికాలానికి మూసేసిన ఒక హోటల్ నడవాల్లో, రోలింగ్ స్టోన్స్ వాళ్ల రికార్డింగ్ ట్రక్కుని బయట నిలబెట్టుకుని పని పూర్తి చేశారు. ఇదంతా దాదాపుగా పాటలోనే ఉంది. ఎవరు వచ్చారు, ఎక్కడికి వచ్చారు, ఏం కాలింది, తర్వాత ఎక్కడికి వెళ్లారు. పోలికలు లేవు, వేదాంతం లేదు. పత్రికకి వార్త పంపినట్టు వరసగా చెప్పుకుంటూ పోయారు. అయినా యాభై ఏళ్లుగా జనం పాడుకుంటున్నారు. నువ్వు రాసేటప్పుడు ఈ పాటని మనసులో ఉంచుకో.

పింక్ ఫ్లాయిడ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' దగ్గర నీకు మంచి అవకాశం చేతికొచ్చి జారిపోయింది. ఒక అంకుల్, "మేం లేచి రికార్డు తిప్పేదాకా ఎవరం మాట్లాడేవాళ్లం కాదు" అన్నారని రాసి, వెంటనే వేరే పాటకి వెళ్లిపోయావు. అక్కడ ఏముందో చూడు. 1973లో వచ్చిన ఆ ఎల్పీకి మొదటి వైపు 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై'తో అయిపోతుంది. అందులో మాటల్లేకుండా ఆలపించిన గొంతు క్లేర్ టోరీ అనే గాయనిది. ఒక ఆదివారం పూట ఆబీ రోడ్ స్టూడియోకి పిలిపించారు. ఏం పాడాలో వాళ్లకీ సరిగ్గా తెలియదు, ఆమెకీ తెలియదు. గొంతునే ఒక వాయిద్యం అనుకుని పాడింది. 30 పౌండ్లు ఇచ్చి పంపారు. మూడు దశాబ్దాలు దాటాక కోర్టుకి వెళితే గానీ ఆ పాట రచనలో ఆమె పేరు చేరలేదు. ఆ గొంతు తగ్గి తగ్గి ఆగిపోయాక ముల్లు గీసిన చప్పుడు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు ఒకరు లేవాలి, రికార్డుని అంచులు పట్టుకుని ఎత్తాలి, తిప్పాలి, దుమ్ము తుడవాలి, ముల్లు మెల్లగా దించాలి. ఆ తర్వాతే 'మనీ' మొదట్లోని చిల్లర గలగల. ఇప్పుడు ఫోన్‌లో వింటే ఆమె గొంతు ఆరకముందే చిల్లర వచ్చేస్తుంది. ఆ అర నిమిషం మౌనంలో మీ హాల్లో ఐదారుగురు మగవాళ్లు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారంటే, అది రాయాల్సిన విషయం. ఎవరు లేచేవారు? ప్రతిసారీ ఆయనేనా? మిగతావాళ్లు ఎటు చూసేవారు? నువ్వు చూశావు కాబట్టి నీకే తెలుస్తుంది.

జ్ఞాపకాలతో ఇంకో సంగతి ఉంది. ఒక అంకుల్ 1975లో, డిగ్రీ రెండో ఏడాది పరీక్షలప్పుడు 'హోటల్ కాలిఫోర్నియా' విన్నానన్నారు. నువ్వు అలాగే రాసేశావు. ఈగిల్స్ ఆ ఆల్బమ్ వచ్చింది 1976 డిసెంబరులో. తప్పు పట్టుకున్నావని ఆయన్ని నిలదీయకు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఏ గదిలో విన్నారు, పక్కన ఎవరున్నారు, ఆ పరీక్ష ఏమైంది అని అడుగు. బహుశా ఆ ఏడాది ఆయనకి ముఖ్యమైనది ఇంకేదో జరిగి ఉంటుంది, పాట వెళ్లి దానికి అతుక్కుని ఉంటుంది. అది బయటికొస్తే అదే నీ కథ. తేదీ మాత్రం నువ్వు సరిచూసుకునే రాయాలి. మాట ఆయనది, కానీ అచ్చులో పడే ఏడాదికి పూచీ నీది.

నా సంగతీ చెబుతాను, ఎందుకంటే జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో నాకు తెలిసింది దీనివల్లే. విశాఖలో హాస్టల్లో ఉండగా ఒక సీనియర్ దగ్గర క్యాసెట్ కాపీ చేయించుకున్నాను. వాళ్లన్నయ్య ఓడల మీద పనిచేసేవాడు, ఆయన తెచ్చిన రికార్డు నుంచి ఎక్కించినది. అరవై నిమిషాల క్యాసెట్. వేరే పాటలు ముందు ఎక్కించడంతో చివర లెడ్ జెపెలిన్ 'స్టెయిర్‌వే టు హెవెన్'కి టేపు చాలలేదు. ఎనిమిది నిమిషాల పాట. మెల్లగా మొదలై, డ్రమ్స్ వచ్చి కలిసి, గిటార్ సోలో బాగా పైకెళ్లిన చోట టక్కుమని బటన్ పైకి లేచేది. ఆరేళ్లు అలాగే విన్నాను. ఆ తర్వాత బొంబాయిలో ఒక మిత్రుడి గదిలో ఎల్పీ మీద మొత్తం విన్నాను. సోలో అయ్యాక అంత హోరులో పాట ఇంకా పైకి వెళ్లి, ఒక్కసారిగా వాయిద్యాలన్నీ ఆగిపోయి, చివరి పాదం రాబర్ట్ ప్లాంట్ గొంతు ఒక్కటే పలుకుతుంది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఆరేళ్లపాటు నా దగ్గర లేని ఆ ఒక్క పాదం కోసం. ఇప్పటికీ ఆ పాట ఎక్కడ విన్నా, సోలో మధ్యలో నా చెయ్యి బటన్ చప్పుడు కోసం ఎదురు చూస్తుంది. పాట ఎంత గొప్పదో చెప్పమంటే నేను చెప్పలేను. ఆ బటన్ గురించి మాత్రం చెప్పగలను.

పాటల మాటల్ని తెలుగులోకి తెచ్చి వ్యాసంలో పెట్టావు. అవి తీసెయ్. ఆ రోజుల్లో మాలో ఎవరికీ ఆ మాటలు సగం కూడా అర్థం కాలేదు. అర్థం చూసుకుని ఎవరం ప్రేమించలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నాలుగో పేజీలో, కింద నుంచి ఆరో వాక్యం. "లెడ్ జెపెలిన్ 'వెన్ ద లెవీ బ్రేక్స్' వింటే మా ఊరు గుర్తొస్తుందని నాగాయలంక అంకుల్ అన్నారు." అంతే రాశావు. తర్వాత మళ్లీ ఈగిల్స్. అమ్మాయీ, మొత్తం ఐదు పేజీల్లో నన్ను ఆపేసిన వాక్యం అది.

లెవీ అంటే ఏమిటో తెలుసుగా? కరకట్ట. 1927లో మిసిసిపీ నదికి వరద వచ్చి కరకట్టలు తెగిపోయాయి. లక్షలమంది ఇళ్లు వదిలి పోయారు. వాళ్లలో ఎక్కువమంది పత్తి చేలల్లో పనిచేసే నల్లజాతి పేదలు. రెండేళ్ల తర్వాత 1929లో కాన్సస్ జో మెకాయ్, మెంఫిస్ మిన్నీ ఆ వరద మీద పాట రికార్డు చేశారు. రెండు గిటార్లు, ఒక గొంతు. నలభై ఏళ్లు దాటాక ఆ పాటని ఇంగ్లండ్ కుర్రాళ్లు తీసుకున్నారు. హాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇల్లుంది. 1795లో దిక్కులేని పేదల కోసం కట్టినది. అక్కడ మెట్ల కింద హాల్లో జాన్ బోనమ్ డ్రమ్స్ పెట్టారు. ఇంజినీరు ఆండీ జాన్స్ మైకులు డ్రమ్స్ దగ్గర పెట్టకుండా పై అంతస్తు నుంచి కిందికి వేలాడదీశాడు. డ్రమ్ము దెబ్బ మెట్ల వెంట పైకెక్కి, గోడలకి కొట్టుకుని, మైకుకి చేరుతుంది. పాట మొదట్లో ఇంకే వాయిద్యమూ ఉండదు. ఆ దెబ్బలే. దూరం నుంచి నీళ్లు వస్తున్నట్టు ఉంటుంది.

ఆ పాట ఉన్న లెడ్ జెపెలిన్ రికార్డు కవరు కూడా ఒకసారి చేతిలోకి తీసుకుని చూడు. పేరు లేదు, బ్యాండ్ పేరు కూడా లేదు. పెచ్చులూడిన గోడ, దాని మీద ఒక పటం, పటంలో వీపున కట్టెల మోపు మోస్తూ వంగిపోయిన ముసలాయన. యాభై ఏళ్లపాటు ఆయనెవరో ఎవరికీ తెలియదు. విల్ట్‌షైర్‌లో ఇళ్ల మీద గడ్డి కప్పే పనివాడని 2023లో ఒక చరిత్రకారుడికి పాత ఫోటో ఆల్బమ్‌లో దొరికింది. నాగాయలంకలో పెరిగిన మనిషికి గడ్డి కప్పిన ఇల్లూ తెలుసు, మోపు మోసే ముసలాయనా తెలుసు, కరకట్టా తెలుసు. ఆ రికార్డు ఆయన చేతిలో ఉన్నప్పుడు అది పూర్తిగా పరాయి దేశపు వస్తువు అనిపించి ఉండదు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. నాగాయలంక ఆ దివిసీమలోదే. వేలమంది పోయారు. ఆ రోజు ఆయన ఊళ్లో లేడు, నాతో పాటు విశాఖ హాస్టల్లో ఉన్నాడు. కబురు తెలిశాక బయల్దేరి వెళ్లాడు. చాలా రోజులకి తిరిగొచ్చాడు. అక్కడ ఏం చూశాడో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. వచ్చిన కొన్నాళ్లకి ఒక రాత్రి ఆ పాట పెడితే, మొదటి దెబ్బలకే లేచి వరండాలోకి వెళ్లిపోయాడు. పాట అయ్యాక లోపలికి వచ్చి, "మళ్లీ పెట్టు" అన్నాడు. నాకు తెలిసింది అంతవరకే.

మిగతాది నువ్వు అడగాలి. జాగ్రత్తగా అడుగు. అందరూ ఉన్నప్పుడు వద్దు, ఆయన ఒక్కడూ ఉన్నప్పుడు వెళ్లు. ఉప్పెన గురించి ముందు ఎత్తకు. ఆ పాట ఎప్పుడు మొదట విన్నారు అని మొదలుపెట్టు. చెబితే మధ్యలో కదిలించకుండా విను. చెప్పకపోతే, చెప్పలేదని రాయి. నీ ఊహతో నింపకు, మనుషులు పోయిన చోట అసలు నింపకు. రాశాక అచ్చుకి పంపేముందు ఆయనకి చదివి వినిపించు. వద్దంటే ఆ భాగం తీసెయ్, ఎంత బాగా వచ్చినా సరే.

వచ్చే ఆదివారం నేనూ వస్తాను. ఆ రికార్డు రెండో వైపు చివరి పాట అది. మీ నాన్నతో చెప్పి దాన్నే చివర పెట్టించు. నోట్‌బుక్ వంటింట్లో వదిలేసి, వచ్చి ఆయనకి ఎదురుగా కూర్చో.

ప్రేమతో,
బాబాయ్