క్షమించడం వేరు, హద్దు వదులుకోవడం వేరు

వందనాలు బ్రదర్. మీ పొలం హద్దురాళ్లను మీ బాబాయి కొడుకు జరిపాడు, ఇద్దరిదీ ఒకే సంఘం (చర్చి), కేసు వేస్తే క్షమించనట్టేనా అని కదా మీ టెన్షన్.

కాదు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ని, ఆయన ఇద్దరు కొడుకులని సజీవంగా తగలబెట్టారు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని చెప్పి, బారిపదలో కుష్ఠురోగుల సేవను కొన్నేళ్లు కొనసాగించారు. అయినా విచారణ ఆగలేదు, ప్రధాన దోషి దారా సింగ్‌కు చివరికి జీవిత ఖైదు ఖాయమైంది. ఆమె క్షమాపణకు దానివల్ల లోటేమీ రాలేదు.

అయితే మీ ఇద్దరూ విశ్వాసులు కాబట్టి కోర్టు మొదటి మెట్టు కాదు. మత్తయి 18:15-17 ప్రకారం ముందు మీరొక్కరే వెళ్లి మాట్లాడండి. (వాట్సాప్‌లో మాత్రం వద్దు!) వినకపోతే ఒకరిద్దరు పెద్దలను తీసుకెళ్లండి, ఆ తర్వాతే సంఘం. 1 కొరింథీ 6లో పౌలు కూడా విశ్వాసుల గొడవలను సంఘంలోనే తేల్చుకోమన్నాడు. సర్వేయర్‌తో కొలిపించడం పగ కాదు, అది లెక్క మాత్రమే.

కోపం తగ్గడం లేదన్నారు. తగ్గేదాకా ఆగకండి. రోమా 12:20 శత్రువుకు ఆకలేస్తే అన్నం పెట్టమంది గానీ, ముందు అతనిపై ఇష్టం తెచ్చుకోమనలేదు. అతని తల్లికి డయాలసిస్ అని రాశారు కదా, ఈ వారం ఆసుపత్రికి మీ బండిలో తీసుకెళ్లండి. పొలం మాట మాత్రం ఆ రోజు ఎత్తకండి.