టెక్ సందేహాలు: రెండు బాణాల గుర్తు వెనక ఏముంది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు సోషల్ మీడియాలో ఏది నమ్మాలి, మోసాల నుంచి ఎలా కాపాడుకోవాలి అన్నవే. అందుకే మిగతా సందేహాలను పక్కన పెట్టి వీటికే చోటిస్తున్నాను.

ప్రశ్న: మా గ్రూపులో వచ్చిన ఆరోగ్య సలహా ఒకదాన్ని ఇతరులకు పంపబోతే వాట్సాప్ ఒక్క చాట్‌కే అనుమతించింది. దాని మీద రెండు బాణాల గుర్తు ఉంది. అంటే వాట్సాప్ మా సందేశాలు చదివి అది అబద్ధమని తేల్చిందా?

జవాబు: లేదు. వాట్సాప్ సందేశాలకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవారు, అందుకున్నవారు తప్ప మరెవరూ చదవలేని రహస్య రూపం) ఉంటుంది కాబట్టి వాటిలో ఏముందో కంపెనీ చూసే వీలు లేదు. సందేశం ఎన్నిసార్లు ఫార్వర్డ్ అయిందో లెక్కపెట్టే అంకె ఒకటి దానితోపాటే వెళుతుంది. ఆ అంకె కూడా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది. మొదట పంపినవారి దగ్గర నుంచి ఐదు లేదా అంతకంటే ఎక్కువ చేతులు మారితే మీ ఫోనులో రెండు బాణాలు కనిపిస్తాయి. సందేశం నిజమా అబద్ధమా అన్నదానితో ఆ గుర్తుకు సంబంధం లేదు. ‘మీకు పంపినవారు దీన్ని రాయలేదు’ అని మాత్రమే అది చెబుతోంది.

ఫార్వర్డ్ అయిన సందేశాలకు గుర్తు వేయడం 2018లో మొదలైంది. ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా 2019 జనవరిలో ప్రపంచమంతటా పరిమితి వచ్చింది. బాగా చేతులు మారిన సందేశాలకు 2020 ఏప్రిల్‌లో ఆ పరిమితిని ఒక్క చాట్‌కు కుదించారు. దాంతో అలాంటి సందేశాల వ్యాప్తి 70 శాతం తగ్గిందని కంపెనీ ప్రకటించింది. ఎవరి సందేశమూ చదవకుండా, ఎవరి నోరూ నొక్కకుండా ఇంత ఫలితం రావడం నాకు ఎంతో విలువైన విషయంగా కనిపిస్తుంది.

ఒక విన్నపం. సందేశాన్ని కాపీ చేసి కొత్తగా అతికిస్తే ఈ పరిమితి వర్తించదు, గుర్తు కూడా పోతుంది. దయచేసి ఆ పని చేయకండి. అది అవతలివారికి స్వయంగా మీరే ఇచ్చిన సలహాలా చేరుతుంది. ఆరోగ్యం విషయంలో అలాంటి నమ్మకం ప్రాణం మీదికి తేగలదు.

ప్రశ్న: తప్పుడు వార్తలను గుర్తించడం ఎలాగో ఫేస్‌బుక్, యూట్యూబ్ లాంటివి చిట్కాలు చెబుతున్నాయి, కొన్ని పోస్టుల మీద హెచ్చరికలు పెడుతున్నాయి. వీటివల్ల నిజంగా ఉపయోగం ఉందా, పేరుకేనా?

జవాబు: ఉంది, కాని అన్నింటివల్లా ఒకే స్థాయిలో లేదు. ఫేస్‌బుక్ 2017 ఏప్రిల్‌లో 14 దేశాల్లో ఫీడ్ పైభాగాన కొన్ని చిట్కాలు చూపించింది. శీర్షికను అనుమానించండి, వెబ్ చిరునామా సరిచూడండి, తేదీ గమనించండి అన్న తరహా సలహాలవి. వాటి ప్రభావాన్ని కొలిచిన ఒక అధ్యయనం 2020లో అమెరికా శాస్త్ర పత్రిక పీఎన్ఏఎస్‌లో వచ్చింది. చిట్కాలు చదివాక అసలు వార్తకూ నకిలీ వార్తకూ తేడా పట్టే శక్తి అమెరికాలో 26.5 శాతం, భారత్‌లో ఆన్‌లైన్‌లో పాల్గొన్న విద్యాధికుల్లో 17.5 శాతం పెరిగింది. భారత్‌లోనే గ్రామీణ ప్రాంతంలో ముఖాముఖి జరిపిన సర్వేలో మాత్రం ప్రభావమేమీ కనిపించలేదు. ఆ పరిశోధనలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ చివరి ఫలితమే. చదువుకునే అవకాశం అప్పటికే దక్కినవారికి ఇంకొంచెం సాయం అందింది, మిగతావారిని ఆ చిట్కాలు చేరనేలేదు. ఇంతటితో తమ బాధ్యత తీరిందని ఏ కంపెనీ అనుకున్నా నేను ఒప్పుకోను.

రెండో పద్ధతి, అబద్ధం చేరకముందే మనిషిని సిద్ధం చేయడం. టీకా పనిచేసే తీరులోనే, మోసపు వాదన నమూనాను ముందుగా కొద్ది మోతాదులో చూపిస్తే అసలు దాన్ని తట్టుకోగలరని మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మెక్‌గ్వైర్ 1960లలోనే ప్రతిపాదించారు. ఆ ఆలోచనతో గూగుల్‌కు చెందిన జిగ్‌సా విభాగం, కేంబ్రిడ్జ్, బ్రిస్టల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు చిన్న వీడియోలు తయారుచేసి, యూట్యూబ్‌లో ప్రకటనల స్థానంలో చూపించారు. భావోద్వేగాలను రెచ్చగొట్టే భాష, రెండే దారులున్నాయని నమ్మించడం, ఎవరో ఒకరిని బలిపశువును చేయడం వంటి ఎత్తుగడలను అవి వివరిస్తాయి. ఆ ఎత్తుగడలను గుర్తుపట్టేవారు సగటున 5 శాతం పెరిగారని 2022లో వెల్లడించారు. చిన్న అంకే కావచ్చు, కాని కోట్లమంది చూసే చోట అది చాలా మందికి సమానం.

మూడో పద్ధతి మీదే నాకు ఎక్కువ నమ్మకం: పంపబోయే వేలిని ఒక్క క్షణం ఆపడం. లింకు తెరవకుండానే రీట్వీట్ చేయబోయేవారిని ‘ముందు చదువుతారా?’ అని అడిగే సూచనను ట్విట్టర్ (ఇప్పటి ఎక్స్) 2020లో పరీక్షించింది. అది చూసినవారు వ్యాసాలు తెరవడం 40 శాతం పెరిగిందని ఆ సంస్థ తెలిపింది. ధ్రువీకరణ కాని వీడియోలను పంచుకోబోయేటప్పుడు హెచ్చరిక చూపిస్తే షేర్లు 24 శాతం తగ్గాయని టిక్‌టాక్ 2021లో ప్రకటించింది. ఇవి ఆయా కంపెనీలు తమ గురించి తాము చెప్పుకున్న లెక్కలే అన్న సంగతి మరవకూడదు. అయినా దారి స్పష్టంగానే ఉంది. తెలియక పంపేవారికన్నా తొందరలో పంపేవారే ఎక్కువ, వారికి కావలసింది ఆగే అవకాశం.

ఇక పోస్టుల మీద పెట్టే హెచ్చరికలకు ఒక చిక్కు ఉంది. కొన్నింటి మీద ‘అబద్ధం’ అని రాస్తే, రాయనివన్నీ ఎవరో పరిశీలించి వదిలినవే అనుకునే ప్రమాదం ఉందని పరిశోధనలు చూపించాయి. ఎవరూ చూడని పోస్టులే ఎక్కువ కాబట్టి హెచ్చరిక లేకపోవడాన్ని ఎప్పుడూ ఆమోదముద్రగా తీసుకోకండి. ఎక్స్‌లోని కమ్యూనిటీ నోట్స్ పద్ధతి మరో రకం. 2021లో బర్డ్‌వాచ్ పేరుతో మొదలైంది. ఒక వివరణ అందరికీ కనిపించాలంటే, సాధారణంగా ఒకరితో ఒకరు విభేదించే వాడుకరులు కూడా అది ఉపయోగకరమని ఒప్పుకోవాలి. ఆలోచన గొప్పదే. కాని ఆ ఒప్పుదల కుదిరేలోగా పోస్టు ఊళ్లు చుట్టేస్తుంది. ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా 2025 జనవరిలో అమెరికాలో నిజ నిర్ధారణ సంస్థలతో తన కార్యక్రమానికి స్వస్తి చెప్పి ఇలాంటి పద్ధతికే మళ్లుతున్నట్టు ప్రకటించింది. శిక్షణ పొందిన పరిశీలకులను పూర్తిగా తప్పించడం నాకు సమ్మతం కాదు. ఈ రెండూ కలిసి పనిచేయాలి.

ప్రశ్న: ఒక ఫోటో పాతదో కొత్తదో తెలుసుకునే సులువైన మార్గం ఉందా? ఏఐ చిత్రాల సంగతేమిటి?

జవాబు: ఫోటోను గూగుల్ లెన్స్‌లో గానీ, టిన్‌ఐ అనే ఫోటోలు వెతికే వెబ్‌సైటులో గానీ వెతకండి. టిన్‌ఐలో పాత తేదీ నుంచి వరుసగా చూసే వీలుంది. వీడియో అయితే రెండు మూడు చోట్ల ఆపి స్క్రీన్‌షాట్లు తీసి వాటిని వెతకండి. ఏఐ చిత్రాల కోసం సీ2పీఏ అనే ప్రమాణం ఉంది. ఫైలు ఎక్కడ పుట్టిందో, ఎలా మారిందో అందులోనే నమోదవుతుంది. అయితే స్క్రీన్‌షాట్ తీస్తే ఆ సమాచారం పోతుంది. కాబట్టి ఏఐ ముద్ర ఉంటే అది ఏఐ చిత్రమేనని నమ్మవచ్చు, లేకపోతే మాత్రం ఏ నిర్ణయానికీ రాలేం. చిత్రాన్ని గంటసేపు పరీక్షించడం కన్నా, ఆ సంఘటన గురించి ఇతరులు ఏమి రాశారో మరో ట్యాబ్‌లో చూడటం మేలు. నిజ నిర్ధారణ నిపుణులు చేసేదీ అదే.

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. ఇన్‌స్టాగ్రామ్ వాడుతోంది. ఏమి మార్చాలి?

జవాబు: ముందు ఖాతాలో పుట్టిన తేదీ సరిగా ఉందో లేదో చూడండి. మిగతా రక్షణలన్నీ దాని మీదే ఆధారపడతాయి. 2024 సెప్టెంబరులో వచ్చిన టీన్ ఖాతాల పద్ధతిలో 18 ఏళ్లలోపువారి ఖాతా దానంతటదే ప్రైవేటుగా ఉంటుంది. ముక్కూ మొహం తెలియనివారు సందేశాలు పంపలేరు. రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు నోటిఫికేషన్లు ఆగిపోతాయి. 16 ఏళ్లలోపువారు ఈ రక్షణలను సడలించుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. పర్యవేక్షణ ఆన్ చేస్తే గత ఏడు రోజుల్లో ఎవరితో మాట్లాడిందో మీకు కనిపిస్తుంది, ఏమి మాట్లాడిందో కనిపించదు. ఆ హద్దు మంచిదే.

సెట్టింగుల కన్నా ముఖ్యమైన మాట ఒకటి ఆమెకు ముందే చెప్పి ఉంచండి. ఎవరైనా వ్యక్తిగత ఫోటోతో బెదిరిస్తే తప్పు బెదిరించినవారిదే, తనది కాదు, వెంటనే మీ దగ్గరికి రావచ్చు. డబ్బు పంపవద్దు, సంభాషణ చెరిపేయవద్దు. 18 ఏళ్లలోపు తీసిన అలాంటి చిత్రాల కోసం ‘టేక్ ఇట్ డౌన్’, పెద్దవారి కోసం ‘స్టాప్ ఎన్‌సీఐఐ’ అనే ఉచిత సేవలున్నాయి. ఫోటోను ఎవరికీ పంపనక్కర్లేదు. మీ ఫోనులోనే దాని డిజిటల్ వేలిముద్ర తయారవుతుంది, అదొక్కటే సేవలో చేరిన వేదికలకు వెళుతుంది. దానితో పోల్చి అవి చిత్రాన్ని అడ్డుకుంటాయి.

ప్రశ్న: స్నేహితుడు అడిగాడని ఫోనుకు వచ్చిన ఆరు అంకెల కోడ్ పంపాను. వాట్సాప్ నా చేతి నుంచి పోయింది. తిరిగి పొందడం ఎలా?

జవాబు: అడిగింది మీ స్నేహితుడు కాకపోవచ్చు, అతని ఖాతా కూడా అప్పటికే మోసగాడి చేతిలో ఉండవచ్చు. ఇప్పుడే మీ నంబరుతో వాట్సాప్‌లో మళ్లీ నమోదు కండి. కొత్తగా ఎస్ఎంఎస్‌లో వచ్చిన కోడ్ ఇవ్వగానే అవతలివారి ఫోనులో మీ ఖాతా మూతపడుతుంది. వాళ్లు రెండంచెల పిన్ పెట్టి ఉంటే మీరు లోపలికి వెళ్లడానికి ఏడు రోజులు ఆగాల్సి రావచ్చు. ఆ లోపు వాళ్లకు కూడా ప్రవేశం ఉండదు, కంగారు పడకండి. పరిచయస్తులందరికీ ఫోను చేసి చెప్పండి. ఖాతా తిరిగి రాగానే లింక్డ్ డివైసెస్ జాబితాలో తెలియనివి తొలగించి, రెండంచెల పిన్ మీరే పెట్టుకోండి.

ప్రశ్న: రిపోర్ట్ చేస్తే అవతలివారికి తెలిసిపోతుందా?

జవాబు: తెలియదు. వాట్సాప్‌లో రిపోర్ట్ చేస్తే ఆ వ్యక్తి మీకు పంపిన చివరి ఐదు సందేశాలు కంపెనీకి చేరతాయి, అతనికి సమాచారం వెళ్లదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో కాపీరైట్ లాంటి మేధో సంపత్తి ఫిర్యాదులు మినహా మిగతావి గోప్యంగానే ఉంటాయి. రిపోర్ట్ చేసే ముందు తేదీ, ఖాతా పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పోలీసులకు ఫిర్యాదు చేయాల్సి వస్తే అవసరమవుతుంది.