చీరను కార్టులో వేసుకుని కొనకుండా వెళ్ళిపోతున్నారు, ఏమి మార్చాలి?

అనంతపురం నుంచి ధర్మవరం పట్టుచీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నామని, చీరను కార్టులో వేసుకున్నవారు డబ్బు కట్టకుండానే వెళ్ళిపోతున్నారని అడిగారు. ముందుగా డబ్బు కట్టే పేజీనే చూడండి.

ఖాతా తెరిస్తేనే కొనాలన్న నిబంధన తీసేయండి. ఫోన్ నంబరు, దానికి వచ్చే ఓటీపీ చాలు. నంబరు గడిని తాకగానే అంకెల కీబోర్డే రావాలి. పిన్‌కోడ్ 515001 అని కొట్టగానే జిల్లా, రాష్ట్రం వాటంతట అవే నిండాలి. ఇంటి గుర్తు రాయడానికి విడిగా ఒక గడి ఇవ్వండి. మన ఊళ్ళలో డోరు నంబరు కంటే గుడి పక్క సందు అంటేనే ఇల్లు త్వరగా దొరుకుతుంది. తప్పు పడితే ఆ గడి కిందే చెప్పాలి. నింపినవన్నీ చెరిపేసి మళ్ళీ రాయించడమంటే కొనడానికి వచ్చినవారిని గుమ్మంలోంచి తరిమేయడమే.

రవాణా ఖర్చు చీర ధర పక్కనే చూపండి. చివర్లో కొత్త ఖర్చులు బయటపెట్టడాన్ని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 మార్గదర్శకాల్లో మోసపూరిత పద్ధతుల జాబితాలో చేర్చింది కూడా.

ఫొటోల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. అంచు, కొంగు, జాకెట్టు ముక్క, చీర వెనుకవైపు, అన్నీ పగటి వెలుతురులో తీయండి. ఆ ఫైళ్ళను వెబ్‌పీ (తక్కువ సైజులో ఉండే ఫొటో ఫైలు రకం) రూపంలోకి మార్చి కుదించండి; లేకపోతే సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట పేజీ తెరుచుకోదు.

ఇవన్నీ మార్చాక, మీ సైట్ ఎన్నడూ చూడని ఇద్దరు ముగ్గురికి ఫోన్ ఇచ్చి ఒక చీర కొనమనండి. పక్కన కూర్చోండి, నోరు మెదపవద్దు. వారి వేలు ఎక్కడెక్కడ ఆగిందో రాసుకుని అక్కడ సరిచేయండి.