గోదావరి చేప రిపోర్టులో సీసం 0.9: ముందు బరువు లెక్క చూడండి

మంచిర్యాల దగ్గర పట్టిన కొర్రమీనులో సీసం కిలోకు 0.9 మిల్లీగ్రాములు ఉన్నట్టు ల్యాబ్ రిపోర్టు వచ్చిందని, పరిమితి 0.3 మాత్రమేనని ఒకరు రాశారు. ల్యాబ్ వాళ్లు ఎండబెట్టిన చేప బరువు మీద లెక్క కట్టడమే బహుశా దీనికి కారణం.

1. రిపోర్టులో ఆ అంకె పక్కన ‘డ్రై వెయిట్’ (ఎండబెట్టిన బరువు) అని ఉందేమో చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. 0.3 పరిమితి పచ్చి చేప బరువుకు వర్తిస్తుంది. చేప కండలో ముప్పాతిక వంతుకు పైగా నీరే కనుక, తేమ 78 శాతమైతే మిగిలేది 22 శాతమే, కాబట్టి 0.9ని 0.22తో గుణించాలి, అప్పుడు సుమారు 0.2 వస్తుంది, అంటే పరిమితి లోపలే. తేమ శాతం రాయకపోతే ల్యాబ్‌ను అడిగి తీసుకోండి, దబాయించి అయినా సరే.

2. పరీక్షించింది ఒట్టి కండనా, లేక మొప్పలు, కాలేయంతో కలిపి రుబ్బిన చేపనా అన్నది కనుక్కోండి. సీసం, కాడ్మియం లాంటి లోహాలు కండలో కంటే ఆ భాగాల్లోనే ఎక్కువగా చేరతాయి.

3. పచ్చి బరువుకే 0.9 అయితే ఆ చేపలు తినడం ఆపండి, ముఖ్యంగా పిల్లలకు, గర్భిణులకు పెట్టవద్దు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఉప్పు, పసుపు పట్టించి కడిగితే నీచు పోతుంది గానీ లోహం పోదు.